సినిమాలు తీయడం కంటే వాటి కింద నాలుగు ముక్కలు రాయడమే కష్టమైంది

డిగ్రీ చివరి ఏడాదిలో ఫిల్మ్ పీజీలకు అప్లై చేద్దామనుకున్నాను. పుణేలో 1960 నుంచి, పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో నడుస్తున్న ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, అహ్మదాబాద్‌లో డిజైన్ ఇన్‌స్టిట్యూట్ ఎన్‌ఐడీ... మా బ్యాచ్‌లో ఎవరినడిగినా ఇవే పేర్లు. ఎంపిక పద్ధతి ఎక్కడికక్కడ వేరు. అయినా ఇంటర్వ్యూ దాకా వెళితే చూపించడానికి పోర్ట్‌ఫోలియో ఉండాలి కదా, అంటే మనం చేసిన పనులు, ఒక్కోదాని కింద చిన్న నోట్.

నా హార్డ్‌డిస్క్‌లో కాలేజ్ ఫెస్ట్ ప్రోమోలు, ఒక కవర్ సాంగ్, అక్క పెళ్లి టీజర్, అందరం కలిసి తీసిన షార్ట్ ఫిల్మ్, ఒక డాక్యుమెంటరీ ఉన్నాయి. మంచి షాట్లన్నీ ఏరి, హోరెత్తే మ్యూజిక్ వేసి రెండు నిమిషాల షోరీల్ కట్ చేయమన్నారు సీనియర్లు. నాకది నచ్చలేదు. కెమెరా పనికో, ఎడిటింగ్ పనికో షోరీల్ సరే. డైరెక్షన్ చదువుతానంటూ ఎక్కడా పది సెకన్లు నిలవని వీడియో చూపిస్తే ఏం తెలుస్తుంది? పెళ్లి టీజర్‌తో సహా చాలావరకు తీసేశాను. షార్ట్ ఫిల్మ్ ఉంచాను కానీ, దాని కింద ‘ఇందులో నా పని సౌండ్ రికార్డింగ్ మాత్రమే’ అని రాశాను.

అసలు బరువంతా డాక్యుమెంటరీ మీదే. మిర్యాలగూడలో మా నాన్న స్నేహితుడొకాయన సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాడు. పెదనాన్నా అని పిలుస్తాను. రీళ్ల కాలంలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒక్కో పెద్ద రీలు ఇరవై నిమిషాల పైచిలుకు నడిచేది. అయిపోవస్తుంటే తెర కుడివైపు పై మూలలో చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మెషీన్ ఆన్ చేయాలి. డిజిటల్ వచ్చాక చుక్కా లేదు, రీలూ లేదు. కానీ ఆయన ఇప్పటికీ ఏ సినిమా చూస్తున్నా మధ్యమధ్యలో ఆ మూలకే చూస్తాడు! ఆయన చూపు అలా పైకి వెళ్లే షాట్‌ను నేను కట్ చేయకుండా చాలాసేపు ఉంచాను.

దీనికి నోట్ రాస్తే మా మేడమ్ సగం కొట్టేసింది. ‘ఈ సినిమాతో ఎంతో నేర్చుకున్నాను అని ఎవరి సినిమా కిందైనా రాయొచ్చు. ఆ షాట్ అంతసేపు ఎందుకుంచావో అది రాయమ్మా’ అంది. అప్పుడు షూటింగ్ నాటి డైరీ తీశాను. ప్రొజెక్టర్ క్యాబిన్‌లో ట్యూబ్‌లైట్ ఒక్కటే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీడియోలో చారలు రాకుండా సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు పెట్టుకున్నాను. మెషీన్ వేడెక్కుతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపనివ్వలేదు. అందుకని ఆ మోత విడిగా రికార్డు చేసి, మాటల మధ్య కట్‌లు తెలియకుండా కింద పరిచాను. ఇవన్నీ రాశాక నోట్ నాదనిపించింది. స్టోరీబోర్డ్ ఫొటోలు, రఫ్ కట్‌కూ ఫైనల్ కట్‌కూ తేడాలు కూడా పెట్టాను. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేయడం మరో తలనొప్పి. తెలుగు రానివాళ్లు చదివేలోపే పెదనాన్న ఇంకో మాటలోకి వెళ్లిపోతాడు.

ఇంటర్వ్యూలో సినిమా కాసేపే చూశారు. ఫ్యాన్ గురించి మాత్రం చాలా అడిగారు. ఆ శబ్దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందని ఒకరు ప్రశ్న వేశారు. హాలు మూతపడిందనుకుంటారు, నా సినిమాలో అది ఇంకా నడుస్తోంది కాబట్టి ఆపలేదన్నాను. ఆయన ఒప్పుకున్నట్టు కనిపించలేదు. కాసేపు వాదించుకున్నాం. టెన్షన్ అక్కడే పోయింది.

సీటు వచ్చింది. పెదనాన్నకు ఫోన్ చేస్తే, ‘సరేగానీ, నా బొమ్మ మన హాల్లో ఎప్పుడేస్తున్నావమ్మా?’ అన్నాడు. హాల్లో వేయాలంటే డీసీపీ, అంటే డిజిటల్ ప్రొజెక్టర్లలో ఆడే సినిమా కాపీ (డిజిటల్ సినిమా ప్యాకేజ్) చేయించాలి. దానికి మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు, నాది 25. ప్రస్తుతం ఆ లెక్క చూసుకుంటున్నాను.