బూజుని అర్ధాకలితో ఉంచితేనే ఎంజైమ్

బూజుకి బాగా తిండి పెడితే బాగా పెరుగుతుంది, బాగా పెరిగితే ఎంజైమ్ ఎక్కువొస్తుంది అనుకుంటారు ఫెర్మెంటేషన్‌లో, అంటే సూక్ష్మజీవుల్ని ట్యాంకుల్లో పెంచే పనిలో, కొత్తగా చేరినవాళ్లు. సెల్యులేజ్ అనే ఎంజైమ్ దగ్గర ఈ లెక్క పనిచేయదు. ట్రైకోడెర్మా రీసై అనే బూజుకి గ్లూకోజ్ దండిగా పోస్తే ట్యాంకు నిండా దారాలుగా అల్లుకుంటుంది కానీ సెల్యులేజ్ మాత్రం దాదాపు ఇవ్వదు. ఎందుకిస్తుంది? గడ్డిలో, కట్టెలో, నూలులో ఉన్న సెల్యులోజ్‌ని చక్కెరగా విడగొట్టుకోవడానికే కదా ఆ ఎంజైమ్, చక్కెర ఎదురుగానే ఉంటే దానికా శ్రమ దేనికి!

రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, బట్టలు కుళ్లిపోతుంటే కారణం వెతుకుతూ సేకరించిన బూజుల్లో ఇదొకటి. క్యూఎం6ఎ అని గుర్తు పెట్టారు. దానిమీద ఏళ్ల తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరునే తర్వాత 1977లో ఆ జాతికి పెట్టారు. ఇవాళ ఫ్యాక్టరీల్లో వాడే ట్రైకోడెర్మా రీసై రకాలన్నీ దాదాపుగా ఆ ఒక్కదాని సంతానమే. నూలుని తినే ఆ గుణమే తర్వాత పనికొచ్చింది: జీన్స్‌కి పాతబడిన రూపం తేవడానికి ఒకప్పుడు ప్యూమిస్ రాళ్లు వేసి ఉతికేవాళ్లు, 1980ల చివర్నుంచి ఆ పని చాలావరకు సెల్యులేజ్‌కి అప్పగించారు.

చక్కెర ఉంటే ఎంజైమ్ ఇవ్వని ఈ బూజు మొండితనాన్ని తగ్గించడానికి అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో అల్ట్రావయొలెట్ కాంతితో, రసాయనాలతో మ్యుటేషన్లు తెప్పించి, వేలల్లోంచి ఏరి రట్-సీ30 అనే రకాన్ని తీశారు. చక్కెర కనబడగానే ఎంజైమ్ తయారీని ఆపేయించే క్రీ1 జన్యువు అందులో తెగిపోయి ఉందని తర్వాత తేలింది. జన్యువులు చదవడం ఇంకా మొదటి అడుగుల్లో ఉన్న రోజుల్లో కేవలం ఓపికతో అంత సరైనదాన్ని పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయినా ట్యాంకు దగ్గర కష్టం పోలేదు. ముందు 28 డిగ్రీల దగ్గర బూజుని పెంచి, ఆ తర్వాత లాక్టోజ్ లాంటి ఫీడ్‌ని కొద్దికొద్దిగా వదులుతూ ఉండాలి. ఫీడ్ ఎక్కువైతే చక్కెర పేరుకుంటుంది, మరీ తక్కువైతే దారాలు చితికి ప్రోటియేజులు (ప్రోటీన్లని విడగొట్టే ఎంజైములు) బయటికొచ్చి, వచ్చిన ఎంజైమ్‌నే తినేస్తాయి. దీనికితోడు దారాలు పెరిగేకొద్దీ ద్రవం గంజిలా చిక్కబడి గాలి లోపలికి ఎక్కదు, సరే అని కలిపే వేగం పెంచితే దారాలు తెగుతాయి, నురగ పొంగుతుంది. నైట్ షిఫ్ట్‌లో తెరమీద ఆక్సిజన్ గీత ఒక్కసారిగా కిందికి పడితే వచ్చే టెన్షన్ ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

ఒక్క సుఖం ఏమిటంటే, బూజు తన తిండిని ఒంటి బయటే అరిగించుకుంటుంది కాబట్టి ఎంజైమ్‌ని కూడా బయటికే వదుల్తుంది. కణాలు పగలగొట్టక్కర్లేదు, వడకట్టి చిక్కబరిస్తే చాలు.

2022లో పానిపట్‌లో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు మొదలైంది. గడ్డి చవకే, దాన్ని చక్కెరగా మార్చే ఎంజైమ్ ఖర్చే బరువు. వరి ఇంతగా పండే మన రెండు రాష్ట్రాల్లోనూ గడ్డి పక్కనే ట్యాంకు పెట్టి, ఎంజైమ్‌ని వడకట్టి రవాణా చేసే ఖర్చు లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఆ ద్రవాన్నే గడ్డి మీదికి పంపే పద్ధతి రావాలని నా కోరిక. మైక్రోబయాలజీ, బయోటెక్ చదువుతున్న పిల్లలెవరైనా ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే దీన్ని పట్టుకోండి.