ట్రేడింగ్ సిస్టమ్‌కి ముందు యూపీఎస్ కొనండి

ఇంట్లో షేర్ల ట్రేడింగ్‌కి కంప్యూటర్ సెటప్ పెట్టుకుందామని మా తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపులో కొటేషన్ రాయించుకుని నాకు వాట్సాప్‌లో పంపాడు. లక్షా ముప్పై వేలు. అందులో అరవై వేలు గ్రాఫిక్స్ కార్డుకే. కరెంటు పోతే సిస్టమ్‌ని కాసేపు బ్యాటరీ మీద నడిపే యూపీఎస్ ఊసే లేదు. "అక్కా, ట్రేడింగ్‌కి కార్డు లేకపోతే కష్టమంటున్నారు" అన్నాడు.

ధరల కదలికను చూపే క్యాండిల్ చార్టులు చూడటానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. హనుమకొండలో మా ఇంట్లో ఉన్నది రైజెన్ 5 5600జీ ప్రాసెసర్. గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది. రెండు మానిటర్లనూ మదర్‌బోర్డుకే తగిలించాను. బోర్డు కొనేటప్పుడు వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ర్యామ్ 16 జీబీ చాలు, కానీ ఒకే స్టిక్ వద్దు, 8 జీబీవి రెండు వేయించుకోండి. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఆ ర్యామ్‌నే కాబట్టి రెండుంటే తేడా తెలుస్తుంది.

ప్రాసెసర్ పెద్దదైతే ఆర్డర్ త్వరగా పడుతుందని వాడి నమ్మకం. బటన్ నొక్కాక ఆర్డర్ మన ఇంటి నుంచి బ్రోకర్ సర్వర్‌కి, అక్కణ్నుంచి ఎక్స్ఛేంజికి వెళ్లాలి. ఆ దారిలో పట్టే టైమ్ ముందు ప్రాసెసర్ తేడా లెక్కలోకే రాదు. ముంబైలో ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి) దగ్గరే ర్యాకులు అద్దెకు తీసుకుని సర్వర్లు నడిపే సంస్థలున్నాయి. వేగంలో వాళ్లతో మనకు పోటీ ఏమిటి?

అసలు టెన్షన్ కరెంటుతో. ఎండాకాలం మా వీధిలో మధ్యాహ్నం ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. దాన్ని మామూలు మోడ్‌లో వదిలేస్తే, కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారే ఆ కాస్త వ్యవధిలోనే సిస్టమ్ రీస్టార్ట్ కావచ్చు. యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టాలి, లేదంటే 600 వీఏ యూపీఎస్ విడిగా కొనాలి. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్, రెండు మానిటర్లు దాని మీద కొన్ని నిమిషాలు నడుస్తాయి. పొజిషన్, అంటే నడుస్తున్న ట్రేడ్, క్లోజ్ చేసుకోవడానికి అది చాలు. ఫైబర్ రూటర్‌ని కూడా బ్యాకప్ మీదే పెట్టాలి. సిస్టమ్ వెలుగుతూ నెట్ పోతే ఏం లాభం? ఇంటి నెట్ ఒక కంపెనీదైతే ఫోన్ సిమ్ ఇంకో కంపెనీది ఉండాలి.

మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ తీసుకోమన్నాను. మార్కెట్ నడిచే తొమ్మిదింపావు నుంచి మూడున్నర దాకా అలసిపోయేది కళ్లే. 27 అంగుళాలైతే 1440పీ రిజల్యూషన్ ఉన్నది తీసుకోవాలి, ఆ సైజులో 1080పీ అయితే అంకెలు అంత స్పష్టంగా ఉండవు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. అలాంటి చోటికి కొత్తగా వెళ్తున్నవాడు ఒక్క ట్రేడ్ కూడా చేయకముందే అరవై వేలు కార్డు మీద పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

ఏ సిస్టమ్ కొన్నా సరే, ట్రేడ్‌లోకి వెళ్లగానే స్టాప్‌లాస్ ఆర్డర్, అంటే నష్టం మనం పెట్టుకున్న హద్దుకి చేరితే ట్రేడ్ క్లోజ్ చేసే ఆర్డర్, పెట్టేయమన్నాను. ఎక్స్ఛేంజికి చేరిన ఆర్డర్ మన కంప్యూటర్ ఆగిపోయినా అక్కడ ఉంటుంది. పొద్దున్నే ఫోన్‌లో బ్రోకర్ యాప్‌లో కూడా లాగిన్ అయి ఉండమన్నాను. వాడు కొటేషన్ మళ్లీ రాయించడానికి శనివారం వెళ్తున్నాడు.