ఆర్ఆర్ లైరే కోసం తెల్లవారుజామున మేడ మీద

"ఇంత డబ్బు పెట్టి టెలిస్కోప్ కొన్నావు, శనిగ్రహం వలయాలు కూడా సరిగ్గా కనపడవేంటన్నయ్యా" అని మా తమ్ముడు అడిగాడు. నిజమే, 61 మిల్లీమీటర్ల లెన్స్, 360 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, గ్రహాలు చూడ్డానికి కొన్నది కాదిది. కెమెరా తగిలిస్తే ఒక్క ఫొటోలో ఏడు పౌర్ణమి చంద్రుళ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు ఆకాశం పడుతుంది.

వేరియబుల్ తారలకు, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండేవాటికి, కావాల్సింది ఆ వెడల్పే. ఒక తార మసకబారిందంటే అది దాని పనేనా, పల్చటి మబ్బు వల్లా? అదే ఫొటోలో నిలకడగా వెలిగే ఇరుగుపొరుగు తారలు బోలెడు ఉంటే వాటితో పోల్చి తేల్చుకోవచ్చు, ఎందుకంటే మబ్బు వాటినీ దాదాపు అంతే మసకబరుస్తుంది.

ఈ ఏప్రిల్‌లో ఆర్ఆర్ లైరే అనే అలాంటి తారను పట్టుకున్నాను. అభిజిత్తు నక్షత్రానికీ హంస తారామండలానికీ మధ్య ఉంటుంది, 13 గంటల 36 నిమిషాలకోసారి ఉబ్బి తగ్గుతూ 7.1 నుంచి 8.1 మాగ్నిట్యూడ్ దాకా (ఈ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) మారుతుంది, అంటే వెలుగులో రెండున్నర రెట్ల తేడా. ఏడు చుట్లు పూర్తయ్యేసరికి నాలుగు రోజులకు ముప్పావుగంట తక్కువ. కాబట్టి ఈరోజు తెల్లారి నాలుగున్నరకు వెలుగు శిఖరం దొరికితే నాలుగు రోజుల తర్వాత అది మూడుముప్పావుకే వస్తుంది, మూడుంపావుకల్లా లేవాలి, లేచాను కూడా. ఫోకస్ కావాలనే కొంచెం చెడగొడతాను, వెలుగు ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకుంటే కొలత నిలకడగా వస్తుంది.

అసలు టెన్షన్ పెట్టింది ఇంకో తార. అదే ఫొటోల్లో, మూల దగ్గర, ప్రతి రాత్రీ మెల్లగా తగ్గుతూ వచ్చింది. కొత్తది దొరికిందనుకుని రెండు రోజులు నిద్రపట్టలేదు. తీరా చూస్తే గురి రాత్రంతా కొద్దికొద్దిగా జరిగి తార మూలకు పోతోంది, మూలల్లో లెన్స్ వెలుగు తక్కువిస్తుంది, నేనేమో ఆ తేడాను సరిదిద్దడానికి తీసే తెల్లటి ఫొటోలు, ఫ్లాట్స్, తీయలేదు. ఇప్పుడు తెల్లారేముందు గొట్టం మూతికి తెల్ల బనియన్ గుడ్డ కట్టి ఫ్లాట్స్ తీశాకే కిందకి దిగుతున్నాను.

చిన్న లెన్సుల్ని తక్కువ చేయకండి. పోలండ్ శాస్త్రవేత్త గ్జెగోజ్ పొయ్‌మాన్‌స్కీ 1997లో చిలీలో ఆకాశాన్ని గాలించే ఆసాస్ సర్వే మొదలుపెట్టింది 135 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న కెమెరా లెన్స్‌తోనే, దాంతోనే బోలెడు కొత్త వేరియబుల్స్ బయటపడ్డాయి.

వర్షాలు రాకముందే ఇంకో నాలుగు శిఖరాలు కావాలి నాకు.