వంద శాతం అని చూపించింది కదా అనుకున్నా

నిన్న రాత్రి 3 జీబీ వీడియోని పెన్‌డ్రైవ్‌లోకి కట్ పేస్ట్ చేశాను. బార్ 100 శాతం చూపించగానే లటుక్కున లాగేశాను. ఇవాళ చూస్తే ఫైల్ పేరుంది, సైజుంది, ప్లే మాత్రం కావట్లేదు.

పెన్‌డ్రైవ్‌ని తిట్టుకున్నాను గానీ పాపం దాని తప్పేం లేదు. నా కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ (విండోస్‌లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్). అది డేటాని ముందు ర్యామ్‌లో పెట్టుకుని, తర్వాత తీరిగ్గా డ్రైవ్‌లోకి దించుతుంది. బార్ చూపించేది చాలావరకు ర్యామ్‌కి చేరిన లెక్కే. ఇవాళ ఇంకో ఫైల్ కాపీ పెట్టి, బార్ నిండాక టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) 'సింక్' అని కొట్టాను, మిగిలిందంతా డ్రైవ్‌లోకి రాసెయ్యమనే కమాండ్ అది. రెండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. అంటే అప్పటిదాకా ఇంకా రాస్తూనే ఉంది!

నాకీ అలవాటు విండోస్‌లో అబ్బింది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి 'క్విక్ రిమూవల్' డిఫాల్ట్‌గా ఉంటుంది, రాయాల్సింది అలా దాచిపెట్టదు. (మధ్యలో లాగితే అక్కడా ఇంతే సంగతులు.) పైగా నా డ్రైవ్ ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్, దానికి జర్నల్ (చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉండదు. ఎఫ్ఎస్‌సీకే (డ్రైవ్‌లో తప్పులు వెతికి సరిచేసే కమాండ్) నడిపితే డ్రైవ్ దారికొచ్చింది, వీడియో రాలేదు.

కాపీ కాదు, కట్ చేశానని చెప్పాను కదా. ఒరిజినల్ కూడా లేదు.