ఉర్లగడ్డ కోసం ఉదయగిరి దాకా

నెల్లూరు వెళ్లి బొమ్మిడాయల పులుసు వదిలేసి మ్యాష్డ్ పొటాటో, అంటే మెదిపిన ఉర్లగడ్డ, ఆర్డర్ చేసినవాడికి ఏం జరగాలో నాకూ అదే జరిగింది.

తప్పు పూర్తిగా నాది కాదు. పిన్ని మనవరాలు మెల్‌బోర్న్ నుంచి వచ్చింది, ఆరేళ్ల పిల్ల. దిగిన రోజు నుంచీ ఏది పెట్టినా "కారం" అని ఒకటే ఏడుపు. మరి ఏం తింటావమ్మా అంటే "మ్యాష్" అంటుంది. పిన్నికి ఆ మాట అర్థం కాక, పిల్ల ఏదో కోపంలో ఉందనుకుని దిష్టి తీసింది. మూడో రోజు నేను పెద్దమనిషి తరహాలో పిల్లని వెంటబెట్టుకుని ఊళ్లో ఒక ఏసీ రెస్టారెంటుకి పోయాను. పేరు ఎందుకులెండి. మెనూలో చేప ముక్క పక్కన సైడ్ డిష్‌గా మ్యాష్డ్ పొటాటో ఉంది. విడిగా తెప్పించుకుంటే 180 రూపాయలు, జీఎస్టీ అదనం. బజారులో కిలో ఉర్లగడ్డ ఎంతో తెలిసినవాడు ఆ అంకె చూసి ముందు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. నేను తాగాను.

గిన్నెలో తెల్లగా, నున్నగా, మెరుస్తూ వచ్చింది. ఆ మెరుపు చూడగానే నాకు అనుమానం తగిలింది. స్పూను ముంచి ఎత్తితే సైకిలు షాపు వాడి పంక్చర్ సొల్యూషన్‌లా జానెడు సాగింది. పాప ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, నమలాలో మింగాలో తెలియక నా వంక చూసి, "మామయ్యా, ఇది గ్లూ" అంది.

పిల్ల అన్నది నిజం. ఉడికిన ఉర్లగడ్డలో పిండి పదార్థం ఉబ్బి సన్నటి అరల్లో దాక్కుని ఉంటుంది. మెల్లగా మెదిపితే అర నుంచి అర విడిపోతుందే తప్ప పెద్దగా చిట్లదు. మిక్సీ బ్లేడు తగిలిందా, అరలన్నీ తెగి లోపలి పిండంతా బయటపడి జిగురైపోతుంది. ఆ తర్వాత ఎంత వెన్న పోసినా లాభం లేదు, వెన్న రాసిన బంకే. ఈ సంగతి నాకు డబ్లిన్‌లో ఉద్యోగం చేసిన రెండేళ్లలో తెలిసింది. తొలివారం నేను కూడా హ్యాండ్ బ్లెండర్ పెట్టే చెడగొట్టాను. మేం అద్దెకున్న ఇంటి పెద్దావిడ అది చూసి తన గరిటె తెచ్చి మళ్లీ చేసి చూపించింది. ఆ ఐర్లండ్ వాళ్లు దాన్ని చాంప్ అంటారు. వేడి పాలలో ఉల్లికాడలు వేసి మెదిపిన దుంపలో కలుపుతారు. పళ్లెంలో పోసి మధ్యలో గుంట చేసి అందులో వెన్న వేస్తారు. అంచు నుంచి కొంచెం కొంచెం తీసుకుని ఆ కరిగిన వెన్నలో అద్దుకుని తినాలి. నాకు ముద్దపప్పు అన్నంలో అమ్మ నెయ్యికి చేసే గుంట గుర్తొచ్చి, ఆ చలిలో ఆ వంటింట్లో ముక్కు చీదుకున్నాను. ఆవిడ ఉల్లికాడల ఘాటు అనుకుంది.

ఇంటికొచ్చి, రేపు నేనే చేస్తానన్నాను. "అంత దూరం పోయి నేర్చుకునింది ఇదా నాయనా" అంది పిన్ని.

మెదపడానికి మ్యాషర్ కావాలి. చిన్నబజారులో స్టీలుది దొరుకుతుంది. కానీ అప్పటికే నా బుర్రలో ఉదయగిరి చెక్క సామాను దూరింది. ఆ ఊరిదేనని జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉన్న పని, ఎప్పుడూ చూడలేదు, సెలవు ఇంకా రెండు రోజులుంది. పొద్దున్నే బయల్దేరాను.

ఆ బస్సు గురించి చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం కదా, పల్లెవెలుగు కిటకిటలాడుతోంది. ఉచితం మంచిదే, మా అమ్మ బతికుంటే మొదటి బస్సుకే ఎక్కేది. నా బాధల్లా, బస్సులో డబ్బులిచ్చి టికెట్ కొన్న నలుగురైదుగురిలో ఒకడినై ఉండి, బుచ్చి దాటి, సంగం దాటి ఆత్మకూరు దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. నా పక్క సీటులో ఒకావిడ ఒళ్లో గంపెడు వంకాయలు. "యాడికన్నా?" అని అడిగింది. ఉదయగిరి అన్నాను. "కోటెక్కడానికా?" కాదు, గరిటె కొనడానికి అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, వెనక సీటావిడకి చెప్పింది. ఆవిడ ఇంకొకరికి చెప్పింది. ఆత్మకూరులో నాకు సీటు దొరికేసరికి బస్సు మొత్తానికీ నేను గరిటె కోసం పోతున్నవాడిగా తెలిసిపోయాను.

కోట ఎక్కలేదు. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల దగ్గర గెలుచుకున్న దుర్గం అది. ఆ ఎండలో కింద నుంచి చూస్తేనే నాకు ఆయాసం వచ్చింది.

ఊళ్లో అడుక్కుంటూ పోతే ఒక ఇంటి వసారాలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని పని చేస్తున్నారు. ఒకామె కాలివేళ్ల మధ్య చెక్క పట్టుకుని ఆకురాయితో రాస్తోంది. స్పూను గుంట లోపలి వైపు గీకుతున్నప్పుడు సన్నటి పొడి రాలి ఆమె చీర కుచ్చిళ్ల మీద గోధుమపిండిలా పేరుకుంటోంది. ప్రతి పది రాపిళ్లకి ఒకసారి బొటనవేలితో తడిమి చూస్తుంది, కళ్లతో కాదు. నర్ది చెక్క, బిక్కి చెక్క అని పేర్లు చెప్పింది. ఉర్లగడ్డ మెదిపేది ఉందా అన్నాను. చేత్తో చూపించాను. ఆమె నవ్వాపుకుని, "పప్పుగుత్తి మీ ఇంట్లో లేదా అన్నా?" అంది.

వంద కిలోమీటర్లు వచ్చి ఆ మాట వినాలని రాసిపెట్టి ఉంది. ఊరికే తిరిగి రాలేక చెక్క గరిటె ఒకటి తీసుకున్నాను. 120 చెప్పింది. అలవాటుగా వందకిస్తావా అనబోయి, నిన్న గ్లూకి 180 ఇచ్చిన సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

పిన్ని వంటింట్లో పప్పుగుత్తి పొయ్యి పక్కనే మేకుకి వేలాడుతోంది. నలభై ఏళ్లనాటిది, అరిగి నున్నగా ఉంది.

మర్నాడు పొద్దున బకెట్‌లో 11 కప్పుల నీళ్లకి 1 కప్పు ఉప్పు కలిపి దుంపలన్నీ అందులో వేశాను. పిండి ఎక్కువున్న దుంప బరువు కాబట్టి మునుగుతుంది, నీరు ఎక్కువున్న దుంప తేలుతుంది. మెదపడానికి మునిగినవే కావాలి. తేలినవి వేపుడికి బాగుంటాయి, ముక్క చెదరదు. పిన్ని దుంపల్ని చూడలేదు, ఉప్పు డబ్బా చూసింది. "ఆవకాయ పెడతా ఉండావా?"

కుక్కర్ తీసింది, వద్దన్నాను. అందులో దుంప పగిలి నీళ్లు తాగేస్తుంది. కిలో దుంపలు చెక్కు తీసి, ముక్కలన్నీ ఒకే సైజులో కోసి, చన్నీళ్లలోనే వేసి ఉప్పేసి పొయ్యి మీద పెట్టాను. మరిగే నీళ్లలో వేస్తే పైన కరిగిపోయి లోపల బద్దగా ఉంటుంది. కత్తి మొన గుచ్చితే అడ్డం లేకుండా దిగిందాకా, ఇరవై నిమిషాల లోపే. నీళ్లు వంచేసి అదే గిన్నెలో సన్నటి సెగ మీద రెండు నిమిషాలు ఊపాను. ఆవిరి పోయి ముక్కల అంచులు తెల్లగా పొడిబారాయి. అసలు రుచి ఈ రెండు నిమిషాల్లోనే ఉంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

వేడి మీదే పప్పుగుత్తి దింపాను. తిప్పకుండా పైనుంచి నొక్కడమే. ముందు 100 గ్రాముల వెన్న, తర్వాతే పాలు. వెన్న ముందు పడితే పిండికి పూతలా పట్టుకుని జిగురు రానివ్వదు. పాలు వేడిగా, గ్లాసెడు, కొంచెం కొంచెంగా. అమూల్ వెన్నలో ఉప్పుంటుంది కాబట్టి ఉప్పు చివర్లో చూసి వేసుకోవాలి. కలపడానికి మాత్రం ఉదయగిరి గరిటె వాడాను, బస్సు ఛార్జీకైనా న్యాయం జరగాలి కదా. పిన్నివాళ్లింటి గేదె పాలకి వెన్న కూడా అంత అక్కర్లేదనిపించింది. డబ్లిన్‌లో ఈ చిక్కదనం రాలేదు.

పాప రెండు గిన్నెలు తింది. ఏం మాట్లాడలేదు. పిన్ని ఒక స్పూను తిని, "బాలింత పత్యంలా ఉంది" అని, నిన్నటి బొమ్మిడాయల పులుసు గిన్నె తెచ్చింది. పళ్లెంలో మ్యాష్ పెట్టుకుని, మధ్యలో గుంట చేసి, పులుసు పోసి, మామిడికాయ ముక్క ఒకటి పైన పెట్టి నాకు తోసింది. అంచు నుంచి తీసి పులుసులో అద్దుకుని తిన్నాను. చేప పులుపు, కారం, వెన్న. ఏ దేశం వంటో తెలియకుండా పోయింది.

సాయంత్రం సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు చేతిలో డబ్బా పెట్టింది. కావలి దాటాక తీసి చూస్తే బోండాలు. మిగిలిన మ్యాష్‌లో పచ్చిమిర్చి, కరివేపాకు వేసి శనగపిండిలో ముంచినట్టుంది. ఎదురు బెర్తు ఆయనకి రెండు ఇచ్చాను. ఒంగోలు వచ్చేలోగా డబ్బా ఖాళీ. అప్పుడు చూసుకుంటే బ్యాగులో గరిటె లేదు. ఫోన్ చేశాను.

"యాడికి పోతుంది? మజ్జిగ పులుసులో ఉంది" అంది పిన్ని.