రిపోర్టులో లేని మందు

మడమ ఎముకకు పట్టిన ఇన్‌ఫెక్షన్ నుంచి కోలుకున్నాక చాలామంది నన్ను అడిగింది ఒకటే: "అన్ని యాంటీబయాటిక్స్ వాడినా ఎందుకు తగ్గలేదు?" నా ఒళ్లు మందులకు అలవాటు పడిపోయిందని కొందరు తేల్చేశారు కూడా. ఒళ్లు యాంటీబయాటిక్స్‌కు అలవాటు పడడం ఉండదు. మందుకు లొంగనిది బాక్టీరియా. నా మడమలో చేరినదాని పేరు సూడోమోనాస్ ఎరుజినోసా.

స్పోర్ట్స్ షూ అడుగును చీల్చుకుని మడమలోకి మేకు దిగింది. గాయం కడిగారు, టీటీ ఇంజెక్షన్ వేశారు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ మాత్రలు రాశారు. పైన చర్మం చక్కగా మూసుకుంది. ఆ తర్వాత నొప్పి మొదలైంది. జ్వరం లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, కానీ మడమ నేలకు ఆనిస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లకు మార్చారు. ఉబ్బు కొద్దిగా తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. చివరికి ఎమ్మారైలో ఎముక దెబ్బతిన్నట్టు తేలింది. ఎముక ఇన్‌ఫెక్షన్ ఎక్స్‌రేకి చిక్కడానికి రెండు వారాల దాకా పట్టొచ్చట, ఎమ్మారై చాలా ముందే పట్టుకుంటుంది.

ఆర్థోపెడిక్ డాక్టర్ గారు మొదట చేసిన పని యాంటీబయాటిక్స్ అన్నీ కొన్ని రోజులపాటు ఆపేయడం. నొప్పితో అల్లాడుతున్న మనిషికి మందు ఆపేస్తామంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. "మందు మీద ఉండగా శాంపిల్ తీస్తే కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, ఏదీ పెరగకపోవచ్చు. అప్పుడు మనం చీకట్లో రాయి వేసినట్టే" అన్నారాయన. జ్వరం గానీ, ఎరుపు పాకడం గానీ ఉంటే అన్ని రోజులు ఆగేవాళ్లం కాదని కూడా చెప్పారు. తర్వాత మడమ తెరిచి పాడైన భాగం గీకేశారు. లోపల షూ రబ్బరు తునక ఒకటి దొరికింది. ఎముక ముక్క, చీము విడివిడిగా ల్యాబ్‌కి వెళ్లాయి.

ల్యాబ్ కబురు కంటే ముందే కట్టు చెప్పేసింది. సిస్టర్ గాజుగుడ్డ విప్పి దీపం కింద పట్టుకున్నారు. చీము ఇంకినచోట అంచు చుట్టూ నీలం కలిసిన ఆకుపచ్చ. ఆ నీలం పయోసయానిన్ అనే రంగు పదార్థం, పసుపుపచ్చగా మెరిసేది పయోవర్డిన్. ఈ రెండూ సూడోమోనాస్ స్వయంగా తయారుచేసుకునేవే. కట్లకు పట్టే ఈ రంగు వెనక ఉన్న సూక్ష్మజీవిని 1882లో ఫ్రాన్స్‌లో కార్ల్ గెస్సార్ వేరుచేసి చూపాడు. అయితే ఆ రంగులు ఊరికే వేసుకున్న వేషం కాదు. పయోవర్డిన్ మన ఒంట్లోని ఇనుమును లాగేసుకుంటుంది, పయోసయానిన్ మన కణాలను దెబ్బతీస్తుంది.

మైక్రోబయాలజీ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి బాక్టీరియాను పెంచిన ప్లేట్లు చూపించారు. ఆవిడ దగ్గర కూర్చున్న ఆ కాసేపు నాకు ఎన్ని మాత్రలకైనా సమానం. మెకాంకీ అనే రకం ప్లేటు మీద బాక్టీరియా గుంపులు గులాబీ రంగులోకి మారకుండా పాలిపోయి ఉన్నాయి, అంటే లాక్టోజ్ చక్కెరను పులియబెట్టలేదు. ఆక్సిడేజ్ అనే పరీక్ష కాగితం మీద రాస్తే కొన్ని సెకన్లలో ముదురు ఊదా రంగు. 42 డిగ్రీల వేడిలోనూ పెరిగింది. ఇవన్నీ సూడోమోనాస్ గుర్తులే. "మూత తీస్తే ద్రాక్షపండ్ల వాసన వస్తుంది, మేం ముక్కు పెట్టి చూడం గానీ అదే తెలిసిపోతుంది" అన్నారు.

ఇంకో ప్లేటు మీద చిన్న కాగితపు బిళ్లలు. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం మిగులుతుంది, దాని వెడల్పు మిల్లీమీటర్లలో కొలుస్తారు. సెఫ్టాజిడైమ్, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, మెరోపెనెమ్, సిప్రోఫ్లాక్సాసిన్... నాకు అన్నిటి చుట్టూ వలయాలున్నాయి. నేను మొదట వేసుకున్న మాత్ర మాత్రం ప్లేటు మీద లేదు, రిపోర్టులోనూ లేదు. మర్చిపోయారేమోనని అడిగాను.

"దానికి ఇది పుట్టుకతోనే లొంగదండీ. సెఫ్ట్రియాక్సోన్‌కీ అంతే. తెలిసిన జవాబుకు బిళ్ల ఎందుకు?"

అప్పటిదాకా పోయిన కాలమంతా ఆ మాటలో కనబడింది. ఈ బాక్టీరియా బయటి పొర సందుల్లోంచి మందు లోపలికి దూరడమే కష్టం. దూరినదాన్ని పడవలో నీళ్లు తోడిపోసినట్టు పొరలోని పంపులు బయటికి తోడేస్తాయి. మిగిలినదాన్ని ఆంప్‌సీ అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది, నా మాత్రలోని క్లావులనేట్ దాన్ని ఆపలేదు. పైగా రబ్బరు తునక లాంటిది లోపల ఉంటే దాని మీద జిగురు పొర కట్టుకుని అందులో దాక్కుంటుంది. అందుకే కత్తి పెట్టకుండా మందులతోనే నెగ్గుకురావడం కష్టమైంది. స్పోర్ట్స్ షూ గుండా మేకు దిగిన గాయాల్లో ఎముకదాకా పోయే సూడోమోనాస్ గురించి వైద్య పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉందట. అలాంటి గాయమై నొప్పి తగ్గకపోతే కల్చర్ అడగండి, గట్టిగా అడగండి.

మెరోపెనెమ్ పనిచేస్తుందని ఉన్నా డాక్టర్ గారు సెఫ్టాజిడైమ్ ఎంచుకున్నారు. పెద్ద మందును అవసరం లేనిచోట వాడితే రేపు అది ఎవరికీ మిగలదన్నారు. మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌ మందులకు లొంగని సూడోమోనాస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 జాబితాలో అత్యంత ప్రమాదకర వర్గంలో, 2024 జాబితాలో దాని తర్వాతి వర్గంలో పెట్టింది.

ఎనిమిది గంటలకోసారి సెలైన్‌లో మందు, వారాల తరబడి. తెల్లవారుజాము డోసుకు నిద్ర ఎలాగూ పోయేది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు. నోటితో వేసుకునే మందుల్లో దీని మీద పనిచేసేవి దాదాపు ఆ కుటుంబమే. పాలు, ఐరన్, కాల్షియం, యాంటాసిడ్ మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. మడమ వెనక నరం పట్టేసినట్టున్నా, నొప్పి వచ్చినా వెంటనే ఫోన్ చేయమన్నారు, ఆ మందుతో అక్కడి స్నాయువు తెగే ప్రమాదం ఉంది. నాకలా జరగలేదు.

ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షల్లో సీఆర్‌పీ ముందు దిగింది, ఈఎస్ఆర్ నెమ్మదిగా దాని వెనకే వచ్చింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను, మెట్లు దిగేటప్పుడు కొంచెం పట్టేసినట్టు ఉంటుంది. ఎముక ఇన్‌ఫెక్షన్ నెలల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు కాబట్టి ఏడాదిపాటు చూపించుకోమన్నారు. వెళ్లినప్పుడల్లా ఆ కల్చర్ రిపోర్టు ఫైలులో అన్నిటికంటే పైన పెట్టుకుని వెళుతున్నాను.