నాలుగు గళ్ల నోటుబుక్కు

మా ఇంగ్లీషు సారు పదాలను బట్టీ పట్టనిచ్చేవారు కాదు. ఎనభైల నడుమ నల్లగొండలో మన బడిలో తెలుగు మాధ్యమంలో చదువుకున్న మాకు అది వింతగా ఉండేది, పూర్వ విద్యార్థులైన మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మిగతా చదువంతా బట్టీ మీదే సాగేది. గైడు కొనుక్కోవడం, జవాబులు వల్లె వేయడం, పరీక్షలో అలాగే దించేయడం. ఇంగ్లీషుకైతే అంతకన్నా మరో దారే లేదనుకునేవాళ్లం. కనగల్లు నుంచీ తిప్పర్తి నుంచీ బస్సుల్లో వచ్చే మా తరగతి పిల్లల ఇళ్లలో ఇంగ్లీషు ముక్క వినపడేది కాదు. అలాంటి వాళ్ల ముందు నిలబడి ఆయన, "ఒక్క మాట ఒంటరిగా వస్తే తీసుకోకండి, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు రమ్మనండి" అనేవారు.

ఇంటిల్లిపాదీ రావడానికి ఆయన చేసిన ఏర్పాటు ఒక పొడవాటి నోటుబుక్కు. పేజీని అడ్డంగా తిప్పి, స్కేలుతో నిలువు గీతలు కొట్టి, నాలుగు గళ్లు చేయాలి. పైన క్రియ, నామవాచకం, విశేషణం, క్రియావిశేషణం అని రాసుకోవాలి. పాఠంలో తగిలిన మాటను దాని గడిలో పెట్టి మిగిలిన మూడూ మేమే నింపాలి. ‘డిసైడ్’ వస్తే పక్కన ‘డిసిషన్’, దాని పక్కన ‘డిసైసివ్’, చివర ‘డిసైసివ్‌లీ’. కొన్ని గళ్లకు మాట ఉండదు. అక్కడ ఎర్ర సిరాతో చిన్న గీత గీయాలి. ఆ గీత గీయడానికి కూడా నిఘంటువు చూసి రావాలన్నది నియమం. భాషలో ఆ మాట లేదని తేల్చుకోవడం, ఉన్న మాటను కనుక్కోవడమంత పని అని ఆయన నమ్మకం.

బడి మొత్తానికి మంచి నిఘంటువు ఒక్కటే. స్టాఫ్‌ రూంలో హాజరు పట్టీల పక్కన ఉండేది. అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టి ఖాకీ కాగితం వేశారు. ‘ఎస్’ అక్షరం దగ్గర పేజీల అంచులు వేళ్ల మరకలతో నల్లబడి ఉండేవి. ఇంగ్లీషులో ఎక్కువ మాటలు ఆ అక్షరంతోనే మొదలవుతాయని నాకు మొదట తెలిసింది ఆ మరకలను బట్టే. ఇంటర్వెల్‌లో ఇద్దరికి మాత్రమే లోపలికి వెళ్లి చూసే అనుమతి. ఒకరు వెతకాలి, ఒకరు రాసుకోవాలి. తిరిగొచ్చి తరగతి మొత్తానికీ చెప్పాలి.

వ్యతిరేకార్థం ఇచ్చే ఉపసర్గల పాఠాన్ని సారు ఇంగ్లీషుతో మొదలుపెట్టలేదు. హాజరు పట్టీ తెరిచి, రాని పిల్లవాడి పేరు చదివి, "వీడు ఏమిటి?" అని అడిగారు. "గైరుహాజరు సార్" అన్నాం. "దరఖాస్తు ఒప్పుకోకపోతే?" "నామంజూరు." "పని లేనివాడు?" "బేకారు." ఆ మూడు మాటలూ బోర్డు మీద రాసి, ముందున్న ‘గైరు’, ‘నా’, ‘బే’ కింద గీత గీశారు. 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్న ఊరు మనది. సర్కారు కచేరీల ఉర్దూ మన అవ్వతాతల నోళ్లలో ఇంకిపోయింది. ముందు ఒక తునక తగిలిస్తే మాట అర్థం తిరగబడుతుందన్న సంగతి మాకు ఎప్పుడో తెలుసు, తెలిసినట్టు తెలియదు, అంతే. అప్పుడు బోర్డుకు రెండో వైపు ‘అన్’, ‘ఇన్’, ‘డిస్’ రాశారు. ఆ రోజు భయం సగం పోయింది.

పట్టాదారు, కౌలుదారు, వాటాదారు, చందాదారు అని చెప్పించి, టీచర్, ఫార్మర్, లీడర్ చివర ఉన్న ‘అర్’ దాదాపు అదే పని చేస్తోందని చూపించారు. అక్కడి నుంచి ఎంప్లాయర్, ఎంప్లాయీ జంటకు వెళ్లాం. పని ఇచ్చేవాడికి ఒక ప్రత్యయం, పుచ్చుకునేవాడికి ఇంకొకటి. ట్రైనర్, ట్రైనీ. చెక్కు మీద ‘పేయీ’ అంటే సొమ్ము అందుకునేవాడని మా నాన్నకు నేనే చెప్పాను. ఆయన ఆ సాయంత్రం ఆ మాట పక్కింటివాళ్లకు చెప్పి మురిసిపోయారు.

మా తెలుగు పంతులుగారిని కూడా ఇందులోకి దించారు సారు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చేవారని మాకు తర్వాత తెలిసింది. ఒకే వారంలో ఆయన సంధులు, ఈయన ఉపసర్గలు. పంతులుగారు ‘హారం’ అన్న ఒక్క మాటకు ముందు ఆ, వి, సం, ప్ర, పరి చేర్చి ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం తీశారు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని సంస్కృత వ్యాకరణంలో ఒక శ్లోకం ఉంది, అది కంఠస్థం చేయించారు. మర్నాడు సారు ‘పోర్ట్’ అని రాశారు. లాటిన్‌లో మోయడం అని అర్థం. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్, సపోర్ట్. లోపలికి మోయడం, బయటికి మోయడం, ఆవలికి మోయడం, తిరిగి మోసుకొచ్చి చెప్పడం, కింద నిలబడి మోయడం.

అంతకన్నా నన్ను పట్టేసింది సంధి. ‘ఉత్’కు ‘లాసం’ చేరితే ఉల్లాసం అవుతుంది. ముందున్న త కారం తర్వాతి ల కారంలో కలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘ఇన్’కు ‘లీగల్’ చేరితే ఇల్లీగల్. ‘రెగ్యులర్’ చేరితే ఇర్రెగ్యులర్. ‘పాసిబుల్’ ముందు పెదవులు మూసుకోవాలి కాబట్టి ఇంపాసిబుల్. ఇవి నాలుగు వేర్వేరు ఉపసర్గలని పుస్తకాల్లో పట్టికలు ఉంటాయి. కాదు, ఒకటే ఉపసర్గ, పక్కన ఉన్న అక్షరాన్ని బట్టి గొంతు మార్చుకుంటుంది. ఉల్లాసం తెలిసిన పిల్లవాడికి ఇల్లీగల్ ఎందుకలా రాయాలో ఇంకొకరు చెప్పనక్కరలేదు. రెండు ‘ఎల్’లు ఎందుకని అడగడు, ఒకటి మరిచిపోడు. తెలుగు మాధ్యమం ఇంగ్లీషుకు అడ్డమని ఎవరైనా అంటే నాకు ఈ పాఠమే గుర్తొస్తుంది, కోపమూ వస్తుంది.

అయితే సూత్రం దొరికిందని పొంగిపోనిచ్చేవారు కాదు సారు. ఇక్కడే నాలుగు గళ్ల విలువ తెలిసేది. ఏబుల్‌కు వ్యతిరేకం అనేబుల్, కానీ నామవాచకం దగ్గరికి వచ్చేసరికి ఇనబిలిటీ. విశేషణం అన్‌జస్ట్, నామవాచకం ఇన్‌జస్టిస్. అన్‌ఈక్వల్, ఇనీక్వాలిటీ. గడి మారితే ఉపసర్గే మారిపోతోంది. పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘అన్’, లాటిన్ నుంచి వచ్చిన ‘ఇన్’ ఒకే ఇంట్లో సర్దుకున్న తీరు అది. పదాల జాబితా చదివితే ఇది కనపడదు. గళ్లు గీసుకుంటేనే కనపడుతుంది.

ఇంకో సంగతి ఆయన రోడ్డు మీద చూపించారు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దగ్గర బస్సు కోసం నిలబడితే పెట్రోలు ట్యాంకర్లు వరసగా పోయేవి. వెనక ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్ర అక్షరాలు. ‘ఇన్’ అంటే కాదు అని చదువుకున్నాం కదా, మరి ఇది అంటుకోనిదా? అంటుకునేదే. ఇక్కడ ‘ఇన్’ వ్యతిరేకార్థం కాదు, రగిలించడం అనే అర్థమున్న లాటిన్ క్రియలోనిది. ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుందని అమెరికాలో అగ్ని ప్రమాదాల నివారణకు పనిచేసేవాళ్లు 1920ల నుంచే ‘ఫ్లేమబుల్’ అనే మాటను వాడుకలోకి తెచ్చారు. రెంటి అర్థమూ ఒకటే. ‘ఇన్‌వాల్యుబుల్’ కూడా ఇలాంటిదే, విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. పరీక్షలో ఈ రెండూ అడిగితే చాలామంది ఇప్పటికీ తప్పు గడిలో టిక్కు పెడతారు.

ఇక ఫ్లోరైడ్ పాఠం. మన బడిలో చదివినవాళ్లలో దాన్ని మరిచిపోయినవాళ్లు ఉంటారనుకోను. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే మిత్రుల పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవి. కొందరి ఇళ్లలో నడుము వంగిపోయిన పెద్దలు, కాళ్లు దొడ్డికాళ్లయిన పిల్లలు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఆ జబ్బు పేరు ఎక్కడా పుస్తకంలో లేదు. సారు ఒక రోజు పాఠ్యపుస్తకం మూసేసి బోర్డు మీద ‘ఫ్లోరోసిస్’ అని పెద్దగా రాశారు. చివరి ‘ఓసిస్’ గ్రీకు నుంచి వచ్చింది, ఒక రుగ్మత స్థితి అని అర్థం. ట్యూబర్‌క్యులోసిస్‌లో ఉన్నదీ అదే, రాతి దుమ్ము పీల్చేవాళ్లకు వచ్చే సిలికోసిస్‌లో ఉన్నదీ అదే. ‘ఐటిస్’ వేరు, అది వాపు, మంట. టాన్సిలైటిస్, ఆర్థ్రైటిస్. మన జిల్లావాళ్ల కీళ్లు పట్టేయడం రెండో రకం కాదు, మొదటి రకం అని ఆయన చెప్పినప్పుడు తరగతిలో ఒక్కరూ కదల్లేదు. ప్రత్యయం తేడా తెలిస్తే డాక్టరు చీటీలో సగం చదవగలమని మాకు అప్పుడు అర్థమైంది.

1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం వచ్చింది. వైద్య లోకం మన జిల్లా పేరు విన్నది ఆ జబ్బుతోనే. తర్వాత 1970లలో నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి రూపొందించింది. నీళ్లలో సున్నమూ పటికా వేసి బాగా కలిపి, తేర్చి, వడపోయడం. దాన్ని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. టాంజానియా దాకా వెళ్లింది. ఆ పని పేరును సారు మా చేత ముక్కలు చేయించారు. డీ, ఫ్లోరైడ్, ఏషన్. డీఫ్లోరిడేషన్. ముందున్నది తీసేయడం, నడుమ ఉన్నది పదార్థం, వెనక ఉన్నది ఆ పనిని నామవాచకంగా నిలబెట్టేది. అంత పొడుగు మాటను మొదటిసారి తడుముకోకుండా చదివింది చండూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి. చదివాక దాన్ని తనే విప్పి, నిమ్మళంగా అర్థం చెప్పింది. వాళ్ల ఊరి చేతిపంపు నీళ్లే ఆమెకు ఆ మాట నేర్పాయని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఆ తరం పళ్లూ ఎముకలూ మాత్రం అలాగే ఉన్నాయి.

ఉచ్చారణ గురించి కొద్దిగా. ప్రత్యయం చేరితే మాటలో ఒత్తి పలికే చోటు జరుగుతుంది. ఫోటోగ్రాఫ్‌లో మొదట, ఫోటోగ్రఫీలో రెండో అక్షరం మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. తెలుగులో ఇలాంటి ఒత్తు లేదు కాబట్టి మన చెవి దాన్ని పట్టదు. సారు ఎక్కడ ఒత్తాలో అక్కడ బెంచీ మీద కొట్టమనేవారు. పక్క తరగతి వాళ్లకు ఇబ్బందయ్యేది. ఎలెక్ట్రిక్‌లో ‘క’ అని పలికిన అక్షరం ఎలెక్ట్రిసిటీలో ‘స’ కావడం కూడా అక్కడే నేర్చుకున్నాం.

నేను ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో జూనియర్ కళాశాల పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. మంచి పిల్లలు, కష్టపడతారు. పోటీ పరీక్షల కోసం ఫోనులో వేలకొద్దీ కఠిన పదాలు పెట్టుకుని బస్సులో చదువుతుంటారు. అందం అనడానికి ‘పల్క్రిట్యూడ్’ అని ఒక మాట ఉందని వాళ్లకు తెలుసు. జీవితంలో ఒక్కసారి కూడా వాడరు. ‘కన్సిడరబుల్’కూ ‘కన్సిడరేట్’కూ తేడా అడిగితే మాత్రం తడబడతారు. మొదటిది పరిమాణం గురించి, రెండోది ఎదుటివారి పట్ల మనసు గురించి. ‘ఎకనామిక్’, ‘ఎకనామికల్’ దగ్గరా అంతే, ఒకటి ఆర్థిక రంగానిది, ఒకటి పొదుపైనది. ఉన్నత స్థాయి ఇంగ్లీషు అంటే ఎవరికీ తెలియని మాటలని ఎవరు నేర్పారో వీళ్లకు! అందరికీ తెలిసిన మాట అన్ని రూపాల్లోనూ చేతికి లొంగడమే ఉన్నత స్థాయి. కళాశాల చదువులకు అవసరమయ్యే మాటలను పరిశోధించి 2000లో న్యూజిలాండ్‌లో ఏవరిల్ కాక్స్‌హెడ్ ఒక జాబితా వేశారు. అందులో లెక్క పెట్టింది విడి మాటలను కాదు, కుటుంబాలను. మొత్తం 570 కుటుంబాలు. ఆ జాబితా మొదటిసారి చూసినప్పుడు నాకు మా సారు చెప్పిన ఇంటిల్లిపాదే కనిపించింది. హైదరాబాద్‌లో, ఉస్మానియా పక్కన, ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థలో ఆయన కొన్నాళ్లు ఉండి వచ్చారని విన్నాను. కొంత అక్కడ దొరికి ఉంటుంది. గైరుహాజరు, పట్టాదారు మాత్రం ఆయన సొంతం.

2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. మన బడిలోనూ అంతే. పిల్లలు సైన్సు, సోషలూ ఇంగ్లీషులోనే చదువుతున్నారు. ఫోటోసింథసిస్, ఎవాపరేషన్, డెమోక్రసీ అన్నీ ఇప్పుడు వాళ్ల మీద ఒక్కసారిగా పడుతున్నాయి. మాకు వారానికి కొన్ని మాటలు వచ్చేవి, వీళ్లకు పేజీకి కొన్ని. విప్పి చూడటం నేర్పకపోతే మళ్లీ బట్టీయే గతి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగుతోనే విప్పి చూపించాలి. ఉల్లాసాన్ని పక్కన పెట్టి ఇల్లీగల్ నేర్పబోవడం దండగ శ్రమ.

అందుకే మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక విన్నపం. గేటు మీద కమాను కట్టించాలని కొందరు అంటున్నారు. కట్టించండి. దానికన్నా ముందు ఆరు నుంచి పది దాకా ప్రతి తరగతి గదిలో ఒక మంచి నిఘంటువు, ఒక బీరువా, పిల్లలకు అడ్డంగా గళ్లు కొట్టించిన నోటుబుక్కులు ఇప్పిద్దాం. నిఘంటువు బీరువాలో తాళం వేసి ఉండకూడదని తీర్మానంలోనే రాద్దాం. శనివారం మధ్యాహ్నాలు బడివాళ్లు ఒప్పుకుంటే మహబూబ్‌నగర్ నుంచి నేను వస్తాను. ఉర్దూ తెలిసినవాళ్లు, సంస్కృతం చదువుకున్నవాళ్లు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు మనలో ఉన్నారు, తలా ఒక గంట ఇస్తే చాలు. ఎవరి దగ్గరైనా ఆ పాత నోటుబుక్కు మిగిలి ఉంటే సమ్మేళనం రోజున తీసుకురండి. నాది ఇల్లు మారినప్పుడు పోయింది. నాలుగైదు దొరికితే వాటిలోంచి మాటలు ఏరి, ఇప్పటి ఆరో తరగతి పిల్లలకు మొదటి పేజీలు తయారుచేసుకోవచ్చు.